ఏడో పేరు

అమ్మ పోయాక ఆవిడ గది సర్దడానికి నాకు మూడు నెలలు పట్టింది. పని ఎక్కువై కాదు, ఆ గదిలోకి వెళ్లబుద్ధి కాక. ఒక శనివారం మనసు గట్టి చేసుకుని అలమారు తెరిస్తే, చీరల అడుగున ఒక పెద్ద గోధుమరంగు కవరు కనిపించింది. లోపల ఎక్స్‌రే. మూలన మా చెల్లి ఉమ పేరు, పక్కన వయసు ఐదు అని ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగుకు పట్టి చూశాను. అంత చిన్న పక్కటెముకలు. ఇప్పుడు ఉమకి ఇద్దరు పిల్లలు, పెద్దవాడు కాలేజీలో ఉన్నాడు. ఫోన్ చేసి చెబితే, "పారెయ్ అక్కా, ఇట్స్ జస్ట్ ప్లాస్టిక్" అంది. నేను పారెయ్యలేదు. అది చూసిన దగ్గర్నుంచీ న్యూజెర్సీ ప్లెయిన్స్‌బరోలో మేమున్న అపార్ట్‌మెంటూ, అందులో నాయనమ్మ గదీ, నేను రాయకుండా వదిలేసిన ఒక పేరూ గుర్తొస్తూనే ఉన్నాయి.

ఇప్పుడు నేనుండే కాలిఫోర్నియా శాన్ రామన్‌లో కూరగాయల కొట్టుకి వెళితే నాలుగు వైపుల నుంచీ తెలుగే వినిపిస్తుంది. ఆ రోజుల్లో ప్లెయిన్స్‌బరోలో తెలుగు వినాలంటే మా ఇంట్లో వినాలి, లేకపోతే సరళ ఆంటీ ఇంట్లో వినాలి. నాన్న ఒక మందుల కంపెనీలో కెమిస్టు. ఏడింటికల్లా వెళ్లిపోయేవాడు. ఎనిమిదింటికి నేనూ ఉమా బడికి వెళ్లిపోయేవాళ్లం. అమ్మకి డ్రైవింగ్ రాదు, నేర్చుకోవాలంటే భయం. నాయనమ్మకి ఇంగ్లీషు రాదు, నేర్చుకోవాలన్న ఆలోచన కూడా లేదు. వాళ్లిద్దరూ రోజంతా ఆ రెండు పడగ్గదుల ఇంట్లో ఎదురెదురుగా ఉండేవారు. అత్తాకోడళ్లు పోట్లాడుకునేవారు కాదు కానీ, మాటలు మాత్రం కూర గురించీ పెరుగు గురించీ తప్ప సాగేవి కావు. నాయనమ్మ ఆర్నెల్లకని వచ్చి, నాన్న బతిమాలితే మరో ఆర్నెల్లు పొడిగించుకుంది.

ఆవిడకి తలంటి పోసుకున్న రోజున సాంబ్రాణి వెయ్యందే తోచేది కాదు. ఆ పొగకి హాల్లో అలారం గీపెట్టేది. అమ్మ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ ఉంటే, నాయనమ్మ తల ఆరబెట్టుకుంటూ, "ఈ ఇంటికి మంచి వాసన గిట్టదే వసూ" అనేది నాతో. నవంబరు రాగానే నాన్న కిటికీలన్నిటికీ పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, చుట్టూ టేపు అంటించేసేవాడు. చలిగాలి సన్నగా కూడా దూరేది కాదు. పోపు వాసనా, సాంబ్రాణీ, ఆరీ ఆరని మేజోళ్ల వాసనా కలిసి చలికాలమంతా లోపలే తిరిగేవి. ఆ పనికి నాన్నకి ఎంత గర్వమో. ఎవరొచ్చినా ముందు కిటికీలు చూపించేవాడు.

ఆ మూసుకున్న ఇంట్లోనే శనివారాలు తెలుగు బడి జరిగేది. నాయనమ్మే మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మూడు కుటుంబాల వాళ్లు కార్లలో వచ్చి, ఆరుగురు పిల్లల్ని దింపి వెళ్లేవారు. ఆవిడ పద్ధతి ఒకటే. పళ్లెంలో బియ్యం పోసి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని దిద్దిస్తూ, దిద్దుతున్న అక్షరాన్ని చెవి దగ్గర నోరు పెట్టి పలికేది. "అక్షరం చెవిలో పడాలి, గాల్లో పడితే పోతుంది" అనేది. అమెరికాలో పుట్టిన ఆ పిల్లలకి అలా ఒకరి ఒళ్లో ఇరుక్కుని కూర్చోవడం కొత్త. మొదట్లో బిగుసుకునేవారు, తర్వాత నా వంతు ముందంటే నా వంతు ముందని కొట్టుకునేవారు. ఉమకి వంతు అక్కర్లేదు. ఆవిడ మంచం మీదే పడుకునేది.

వారం మధ్యలో వచ్చేది సరళ ఆంటీ ఒక్కతే. వరంగల్ వాళ్లు, అంతకు ముందు ఏడాదే వచ్చారు. ఎదురు బిల్డింగ్‌లో ఉండేవారు. ఆమెకీ కారు లేదు. పది నెలల పాప స్వాతిని చంకనేసుకుని, మంచులో జారకుండా చిన్నచిన్న అడుగులేసుకుంటూ రోజూ మధ్యాహ్నం మా ఇంటికొచ్చేది. నేను బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో అమ్మ నవ్వు వినిపించేది. అమ్మకి అంత గట్టిగా నవ్వడం వచ్చని ఆమె వచ్చాకే నాకు తెలిసింది. స్వాతి మాత్రం నాయనమ్మ గదిలో, ఆవిడ గుండె మీద బోర్లా పడుకుని నిద్రపోతూ ఉండేది. "పాపని ఇలా ఇచ్చి మీరు కబుర్లు చెప్పుకోండమ్మా" అని నాయనమ్మే అడిగి తీసుకునేది. ఆవిడకి అప్పటికే దగ్గు ఉంది. చలి పడలేదని ఒకసారి, పొగ పడలేదని ఒకసారి అనుకున్నాం. నాన్న సిరప్పు తెచ్చిచ్చాడు.

ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మన దేశం నుంచి వచ్చిన వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది. బళ్లో చేరేటప్పుడు పిల్లల ముంజేతికి నాలుగు ముళ్లున్న బొత్తాం లాంటిది గుచ్చి, క్షయ ఉందో లేదో చూసేవారు. రెండు రోజుల్లో అక్కడ ఉబ్బితే ఇంటికి కాగితం వచ్చేది. నేను చేరినప్పుడు నాకు ఉబ్బింది. నాన్న నవ్వేసి, చిన్నప్పుడు ఇండియాలో క్షయ రాకుండా వేసిన బీసీజీ టీకా వల్లే అలా వస్తుందని రాసిచ్చాడు. బడివాళ్లు ఒప్పుకున్నారు. తెలిసిన ఇళ్లన్నిట్లోనూ ఇదే కథ, ఇదే జవాబు. తర్వాత ఉమ కిండర్‌గార్టెన్‌లో చేరింది. దాని చెయ్యీ ఉబ్బింది, కాగితం వచ్చింది. అప్పటికి ఇంట్లో ఇంగ్లీషు కాగితాలన్నీ నింపేది నేనే, పదమూడేళ్ల దాన్ని. నాన్న గడ్డం గీసుకుంటూ అద్దంలోంచే, "నీకు రాసినట్టే రాసెయ్" అన్నాడు. గుండ్రటి అక్షరాలతో రాసేశాను. అమ్మ సంతకం పెట్టింది. ఉమ పుట్టింది న్యూజెర్సీలో. దానికి బీసీజీ ఎవరూ వెయ్యలేదు. మా అందరి భుజాల మీదా ఉన్న టీకా మచ్చ దాని భుజం మీద లేదు. రోజూ స్నానం చేయించే అమ్మకి గానీ, కెమిస్టు నాన్నకి గానీ, రాసిన నాకు గానీ అది తట్టలేదు.

జనవరిలో ఉమకి జ్వరం వచ్చి ఎంతకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన బడి కాగితం చూసి, దాని భుజం చూసి, రెండో భుజం కూడా చూసి, "ఈ పాప ఎక్కడ పుట్టింది?" అని అడిగాడట. ఆ ప్రశ్నతో నాన్న మొహం పాలిపోయిందని అమ్మ తర్వాత చెప్పింది. ఆ వారంలోనే అందరికీ పరీక్షలు, ఎక్స్‌రేలు అయ్యాయి. ఉమకి ఊపిరితిత్తిలో చిన్న మచ్చ. నాయనమ్మకి పూర్తిగా క్షయ, దగ్గులో బయటికొచ్చే రకం.

ఆరోగ్యశాఖ నర్సు మిసెస్ హాలరన్ మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పొడుగ్గా, నెరిసిన జుట్టుతో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వచ్చీ రాగానే కిటికీల దగ్గరికి వెళ్లి, నాన్న అంత ముచ్చటగా అంటించిన ప్లాస్టిక్‌ని చరచరా చింపి కిటికీ తెరిచింది. చల్లగాలి మొహానికి కొట్టింది. తర్వాత ఒక కాగితం తీసింది. ఆరోగ్యశాఖ చెప్పేదాకా పేషెంటు ఇల్లు కదలకూడదు, విడిగా గదిలో ఉండాలి, మూతికి మాస్కు కట్టుకోవాలి, మాత్రలు తన ఎదుటే మింగాలి. నాన్న ఈ నెలలోనే ఆవిణ్ణి విమానం ఎక్కించేస్తానన్నాడు. నర్సు తల అడ్డంగా ఊపింది. అంతసేపు అంతమందితో కలిసి మూసిన విమానంలో వెళ్లడానికి వీల్లేదంది. ఇదంతా తెలుగులో నాయనమ్మకి చెప్పాల్సింది నేనే.

"నేనేం దొంగతనం చేశానే, గదిలో పెట్టి తాళం వెయ్యడానికి?" అంది నాయనమ్మ. "నా జబ్బు నాది, నా ఒళ్లు నాది. మింగితే మింగుతాను, లేకపోతే పోతాను. ఆవిడకేం పోయింది? అడుగు."

నేను అడిగాను. మిసెస్ హాలరన్‌కి కోపం రాలేదు. నా వంక కాకుండా నాయనమ్మ వంకే చూస్తూ జవాబు చెప్పింది. నాకు చేతనైనట్టు తెలుగులో పెట్టాను. "జబ్బు మీదేనంట నాయనమ్మా. దగ్గు మాత్రం గదిలో ఉన్న అందరిదీనంట."

నాయనమ్మ చెయ్యి చాపి మాత్రలు ఇమ్మంది. ఆ మందుకి మూత్రం కుంకుమరంగులోకి మారుతుందని ఎవరూ ముందే చెప్పకపోవడంతో మర్నాడు పొద్దున్నే బాత్రూములోంచి పెద్దగా కేకేసింది. ఆ నెలలో మేం నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ మొదటిరోజే, వెళ్లేముందు, నర్సు పేర్లు అడిగింది. గత కొన్ని నెలల్లో ఈ ఇంటికి తరచూ వచ్చినవాళ్లెవరు? వాళ్లకి పరీక్ష చేస్తాం, ఎవరి వల్ల అంటుకుందో వాళ్లకి చెప్పం అంది. నాన్న నాచేత శనివారం బడి పిల్లల పేర్లు రాయించాడు. ఎవరి వల్ల అని చెప్పకపోయినా, తెలుగు బడి పిల్లలందరికీ ఒకేసారి పరీక్షలంటే ఎవరికి తెలియదు? అయినా రాయక తప్పదు, ఆరూ రాశాను. "ఇంకెవరైనా?" అంది నర్సు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మకి ఆ మాత్రం ఇంగ్లీషు తెలుసు. నా కళ్లలోకి చూసి, "నో. నో అదర్ పీపుల్" అంది.

నర్సు వెళ్లాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. "సరళకి నేను చెప్పుకుంటాలే. అత్తయ్యకి ఫ్లూ అని ఫోన్ చేసి రావద్దన్నాను. ఇక రానప్పుడు ఇంకేం భయం? ఆ బడి పిల్లల వాళ్లెవరూ దానికి తెలీదు, వాళ్ల వల్ల బయటపడదు. అంటుజబ్బు ఇల్లని తెలిస్తే దాని మొగుడు దాన్ని మళ్లీ మన గుమ్మం తొక్కనిస్తాడా?" అంది. కొంచెం ఆగి, "నాకు ఈ ఊళ్లో ఇంకెవరున్నారే?" అంది. అమ్మ నన్ను అంత పెద్దదాన్ని చేసి మాట్లాడటం అదే మొదటిసారి. నేను తల ఊపాను.

అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరికి వారే. నాయనమ్మ వెనక గదిలో, కిటికీ తెరుచుకుని, కోటు మీద కోటు వేసుకుని ఉండేది. ఉమ మందులు మింగనని ఏడ్చేది. నాన్న ఆఫీసులో ఎవరికైనా తెలుస్తుందేమోనని ఫోన్ మోగితే ఉలిక్కిపడేవాడు. శనివారం వచ్చింది, ఏ కారూ రాలేదు. అమ్మ మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర నిలబడి ఎదురు బిల్డింగ్ వైపు చూస్తూ ఉండేది. రెండు రోజులకోసారి సరళ ఆంటీ ఫోన్ చేసేది. "ఇంకా తగ్గలేదు" అని అమ్మ అబద్ధం చెప్పేది. ఫోన్ పెట్టేశాక కాసేపు అక్కడే నిలబడేది. నేను బళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకూ ఎవరూ లేరు.

సాయంత్రాలు నాయనమ్మ గది తలుపు బయట నేల మీద కూర్చునేదాన్ని. ఆవిడ లోపల, నేను బయట, మధ్యలో తలుపు. ఆవిడ చిన్ననాటి సంగతులేవో చెబుతూ మధ్యలో దగ్గుతూ ఉండేది. ఒకరోజు అడిగేశాను. "నాయనమ్మా, ఉమకొచ్చినట్టు స్వాతికి కూడా వస్తుందా?"

లోపల మంచం కిర్రుమంది. తలుపు దగ్గరికి వచ్చి మెల్లగా, "రోజూ నా మూతి దగ్గరే పడుకునేది కదే తల్లీ. పాపని నాకివ్వమని నేనే అడిగేదాన్ని" అంది. నన్ను చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఏడుస్తోందని గొంతుని బట్టి తెలిసింది.

అమ్మకి ఇచ్చిన మాట ఒకవైపు. నా అక్షరాలతో నేను నింపిన ఆ బడి కాగితం ఇంకోవైపు. ఒకసారి లేని టీకా ఉందని రాశాను, ఉమ ఛాతీలో మచ్చ పడింది. ఇప్పుడు ఉన్న పేరుని లేదంటున్నాను. లిస్టు ఇచ్చిన తొమ్మిదో రోజు పొద్దున్న మిసెస్ హాలరన్ వచ్చి, మాత్రలు వేయించి, కిందకి దిగింది. బస్సుకి టైమైందని చెప్పి నేనూ ఆమె వెనకే దిగాను. పార్కింగ్‌లో ఆమె కారు తలుపు తీస్తుండగా వెళ్లి, పేరూ, బిల్డింగ్ నంబరూ, పాప వయసూ చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. రాసుకుని, నా భుజం మీద చెయ్యేసి ఒక్క క్షణం అలాగే ఉంచింది.

వారం తిరక్కుండానే సరళ ఆంటీ వచ్చింది. పాపని తేలేదు. లోపలికి రాలేదు, కారిడార్‌లోనే నిలబడింది. మంచుటోపీ కూడా తియ్యలేదు.

"స్వాతికి పాజిటివ్ వచ్చింది అక్కా" అంది. "ఎక్స్‌రేల ఏం లేదన్నరు. ఏడాదిదాంక రోజూ మందు వెయ్యాల్నట. చిన్నపిల్లలకైతే మెదడుకి పోతదట, జల్దీ దొరికింది నయమన్నరు." అమ్మ మొహంలోకి చూసింది. "నువ్వు నాకు ఫ్లూ అని చెప్పినవ్. నీకు తెలిసీ చెప్పలే. నేను మా అమ్మకి చెప్పనియి గూడ నీకు చెప్పుకున్న. నువ్వు గిట్ల చేస్తవనుకోలే అక్కా."

అమ్మ ఏదో అనబోయింది. సరళ ఆంటీ తిరిగి మెట్లు దిగి వెళ్లిపోయింది. అమ్మ తలుపు వేసి, వెనక్కి తిరిగి, "ఎవరు చెప్పారు?" అంది. అంత నెమ్మదిగా అమ్మ అడిగితే భయమేసింది. నేను నోరు తెరిచేలోపే వెనక గదిలోంచి నాయనమ్మ గొంతు వినిపించింది.

"నేనే చెప్పానమ్మా. ఎదురింట్లో పసిపాప ఉందని ఆ నర్సుకి చేతులతో చూపించి చెప్పాను."

అమ్మ ఆ తలుపు వైపు చూసింది. వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నిజం చెప్పలేదు. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, బయటపడ్డానన్న హాయి. అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నెల దాటాక నాయనమ్మ వల్ల అంటుకునే ప్రమాదం పోయిందని నర్సు చెప్పి, మాస్కు తీసేయించింది. ఆవిడ హాల్లోకి వచ్చి కూర్చుంది, కానీ ఇల్లు ఆవిడకి తెరుచుకోలేదు. అమ్మ వేళకి అన్నం పెట్టేది, మందులిచ్చేది, ఆవిడ చీరలు ఉతికి మడత పెట్టేది. మాట్లాడేది కాదు. బడి పిల్లలెవరూ మళ్లీ రాలేదు. వాళ్లలో ఇద్దరికి మందులు పడ్డాయని విన్నాం, ఎవరూ ఫోన్ చెయ్యలేదు. సరళ ఆంటీ వాళ్లు వేసవికి ముందే వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. ట్రక్కులోకి సామాన్లు ఎక్కిస్తుంటే అమ్మ కిటికీ దగ్గర నిలబడి చివరి పెట్టె దాకా చూసింది. కిందకి మాత్రం వెళ్లలేదు. జూన్‌లో నాయనమ్మ మిగిలిన మందులు మూట కట్టుకుని ఇండియా వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో అమ్మ ఆవిడ కాళ్లకి దండం పెట్టింది. నాయనమ్మ అమ్మ తల మీద చెయ్యి పెట్టి, నావైపు చూసి, నిజం చెప్పొద్దని కళ్లతోనే అంది. రెండేళ్లకి ఆవిడ గుండెజబ్బుతో పోయింది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

ఈమధ్య లోకమంతా మూతులు కట్టుకుని ఇళ్లలో కూర్చున్న రోజుల్లో, అమ్మ నా దగ్గరే ఉంది. మా వీధిలో జనం మాస్కుల గురించి, టీకాల గురించి పార్కింగ్‌లో నిలబడి అరుచుకునేవారు. నా ఒళ్లు నా ఇష్టం అని ఒకాయన, మా పిల్లల మాటేంటని ఒకామె. నాకు ఇద్దరి మీదా చిరాకేసేది. వాళ్లకి అది వాదన. మా ఇంట్లో అది ఒక పాప పేరు. ఎవరు సరైనవాళ్లని అడిగితే నర్సే సరైనదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ సరైన పనికి ఒక ఆడమనిషి తన ఒకే ఒక్క స్నేహితురాలిని పోగొట్టుకుంది. ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారినా, ఎంతమంది తెలుగువాళ్లు చుట్టూ చేరినా, అమ్మ ఎవరితోనూ వంటింట్లో కూర్చుని నవ్వలేదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం వరండాలో చిక్కుడుకాయలు వలుస్తున్నాం. పలకరించే మనిషి లేక ఇద్దరికీ పిచ్చెక్కినట్టుగా ఉంది. ఉన్నట్టుండి చెప్పేశాను. "అమ్మా, సరళ ఆంటీ పేరు నర్సుకి చెప్పింది నాయనమ్మ కాదు. నేను."

అమ్మ చేతిలో కాయ వలిచి, గింజలు గిన్నెలో వేసి, తొక్క పక్కన పెట్టింది. "తెలుసు" అంది. "కిటికీలోంచి చూశాను. పార్కింగ్‌లో ఆవిడ కారు దగ్గర నిలబడ్డావు. నీ భుజం మీద చెయ్యేసింది."

నేను గిన్నె పక్కకి నెట్టాను. "మరి నాయనమ్మతో ఎందుకు మాట్లాడలేదు? ఏ పాపం చెయ్యని మనిషిని అన్ని నెలలు..."

"ఎవరి మీదో ఒకరి మీద కోపం రాకపోతే నేను బతకలేకపోయేదాన్ని" అంది అమ్మ. "ఆవిడ ఎలాగూ వెళ్లిపోయే మనిషి. నీ మీద కోపం తెచ్చుకుంటే, ఆ ఇంట్లో నాతో మాట్లాడటానికి ఇంకెవరున్నారే?"